నీ కథలో సికాడా చలికాలంలో ఎందుకు పాడింది

అమ్మాయ్,

నీ కథ అందింది. రెండుసార్లు చదివా. మొదటిసారి నాలుగో పేజీ దగ్గర కాగితాలు పక్కన పడేసి లేచిపోయా, అంత కోపం వచ్చింది. సాయంత్రం మళ్ళీ కూర్చుని చివరిదాకా చదివా. ఆ కోపం ఎందుకొచ్చిందో చెప్పకుండా "బాగుందమ్మా, రాస్తూ ఉండు" అని రెండు ముక్కలు పంపేస్తే నీకేం ఒరగదు, నా మనసూ ఊరుకోదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం, ఓపిగ్గా చదువుకో.

నాలుగో పేజీ ఒకసారి తీసి చూడు. రెండువేల ఏళ్ళ కిందటి చైనా, హాన్ రాజుల కాలం, కొత్త సంవత్సరం పండగ, బయట మంచు పడుతోంది, జేడ్ రాయి చెక్కే ముసలాయన మంచం పట్టాడు, కిటికీ అవతల ఎండుకొమ్మ మీద సికాడా పాడుతోంది, అది విని ఆయన "ఇది పునర్జన్మకి ప్రతీక" అనుకుని తృప్తిగా కళ్ళు మూసుకుంటాడు. మంచులో సికాడా పాడదమ్మా! అది ఎండల్లో పాడే పురుగు, చలి ముదిరేసరికి చెట్ల మీద ఒక్కటి కూడా మిగలదు. కథ ఏ దేశానిదైనా ఈ పొరపాటు పొరపాటే, కానీ చైనా కథలో మాత్రం క్షమించలేం, ఎందుకంటే ఏ పురుగు ఏ నెలలో కదులుతుందో రాసి పెట్టుకుని దాన్ని బట్టి రాజ్యం నడపాలని చూసిన మనుషులు వాళ్ళు. లీజీ అనే పాత గ్రంథంలో నెలనెలా ఏం జరుగుతుందో ఒక అధ్యాయం ఉంది. వసంతం మొదటి నెలలో నేలలో దాక్కున్న పురుగులు కదలడం మొదలెడతాయి, నడివేసవి నెలలో గొల్లభామ పుడుతుంది, సికాడా గొంతు విప్పుతుంది, వేసవి ఆఖరి నెలలో కీచురాయి గోడల్లో చేరుతుంది, శరత్తు మొదటి నెలలో చలి సికాడా కూస్తుంది. రాజు ఏ నెలలో ఏ గదిలో ఉండాలి, ఏ రంగు బట్ట కట్టాలి అన్నది కూడా అందులోనే, వీటి పక్కనే. వేసవి మొదటి నెలలో వసంతానికి చెందిన ఆజ్ఞలు జారీ చేస్తే మిడతలు వచ్చి పడతాయని కూడా రాసారు. ఇప్పుడు ఆలోచించు, అలాంటి కాలపు మనిషి మంచు పడే రాత్రి సికాడా గొంతు వింటే తృప్తిగా కళ్ళు మూసుకుంటాడా? ఒళ్ళు జలదరిస్తుంది, ఎక్కడో ఏదో తల్లకిందులైందని హడలిపోతాడు. నిజానికి నీకు ఒక మంచి కథ అక్కడే దొరికింది, దాన్ని నువ్వు చూసుకోలేదు.

ఆ తర్వాత ఇంకో పదిహేను పేజీల్లో సీతాకోకచిలుక వచ్చింది, స్వేచ్ఛకి ప్రతీక అన్నావు. కీచురాయి వచ్చింది, ఒంటరితనానికి ప్రతీక. గొల్లభామ ధైర్యానికి, చీమ శ్రమకి, పట్టుపురుగు త్యాగానికి. ఒక్కొక్క పురుగు గుమ్మంలోకి రావడం, మెడలో అట్టముక్క చూపించడం, వెళ్ళిపోవడం. ఒక్కదానికైనా కాళ్ళున్నాయా, ఒక్కటైనా దేన్నైనా కొరికిందా అని వెతుక్కున్నా. లేదు.

నాకు ఒక పట్టుదల ఉంది, నలభై ఏళ్ళకి పైగా రాస్తున్నా ఇప్పటికీ అదే మాట మీద ఉన్నా, ఛాదస్తం అనుకున్నా పర్లేదు. పురుగుని ముందు పురుగుగా చూడాలి. అది ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎప్పుడు వస్తుంది, ఎలా పోతుంది, ఇవి కాగితం మీద సరిగ్గా పడితే అర్థం చదివేవాడి మనసులో పుడుతుంది, నువ్వు మళ్ళీ చెప్పక్కర్లేదు. పాత చైనావాళ్ళకి ఆ అర్థాలన్నీ వచ్చింది కూడా అలాగే. సికాడా తీసుకో. దాని పిల్ల ఏళ్ళ తరబడి నేలలో వేళ్ళ రసం తాగుతూ బతుకుతుంది. ఒక వేసవి రాత్రి మట్టి తొలుచుకుని బయటికొస్తుంది, ఒంటికి ఇంకా మన్ను అంటుకునే ఉంటుంది, చెట్టెక్కి బెరడుని గట్టిగా పట్టుకుంటుంది. వీపు మీద నిలువునా చీలిక వస్తుంది, అందులోంచి పాలిపోయిన మెత్తటి పురుగు వెనక్కి వంగి బయటపడుతుంది, నలిగిన రెక్కలు కాసేపటికి సాగుతాయి, రంగు ముదురుతుంది, గట్టిపడుతుంది. తెల్లారేసరికి అది ఎగిరిపోతుంది, చీలిన డొల్ల మాత్రం కాళ్ళతో సహా బెరడుని అలాగే పట్టుకుని ఉంటుంది. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో వాంగ్ చోంగ్ అనే ఆయన ఈ మార్పుని తన వాదనల్లో ఉదాహరణగా వాడుకున్నాడు, అంటే అప్పటికే అది అందరూ చూసిన సంగతన్నమాట. భూమిలోకి వెళ్ళింది మళ్ళీ వస్తుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి, అందుకే దాన్ని జేడ్ రాయిలో చెక్కి చచ్చిపోయిన మనిషి నాలుక మీద పెట్టారు. ఆ జేడ్ సికాడాల్ని ఎప్పుడైనా మ్యూజియం ఫోటోల్లో బాగా పెద్దవి చేసి చూసావా? నాలుక ఆకారంలోనే పల్చగా ఉంటాయి, కళ్ళు రెండు పక్కలకి పొడుచుకొచ్చి, రెక్కల అంచులు నాలుగైదు కోతలతో తేలిపోతాయి, ఒక్క గీత ఎక్కువ ఉండదు. నీ కథలో శిల్పి "ఎన్నో నగిషీలు" చెక్కాడని రాసావు. ఆ పని గొప్పదనమంతా నగిషీ లేకపోవడంలో ఉంది, అది కూడా మార్చు.

ఇంకో సంగతి. అదే పురుగుని అదే హాన్ కాలంలో రాజుగారి దగ్గరుండే పెద్ద ఉద్యోగుల టోపీల మీద బంగారంతో చేసి పెట్టుకున్నారు, పక్కన ఒక చిన్న జంతువు తోక. శవం నోట్లో ఉన్నదీ అదే, కొలువులో టోపీ మీద ఉన్నదీ అదే. తర్వాత 3వ శతాబ్దంలో లు యున్ అనే కవి సికాడాకి ఐదు గుణాలు చెప్పాడు: తల మీద టోపీ కుచ్చులాంటిది ఉంది కాబట్టి చదువు, ఆకుల మీది మంచు బిందువులే తాగుతుంది కాబట్టి శుభ్రత, రైతు ధాన్యం ముట్టదు కాబట్టి నిజాయితీ, గూడు కట్టుకోదు కాబట్టి పొదుపు, వేళ తప్పకుండా వస్తుంది కాబట్టి నమ్మకం. పునర్జన్మ ఊసే లేదు చూడు. ఒక్క పురుగుకి ఒక్క అర్థం అని ఎవరు చెప్పారు నీకు? ఇంటర్నెట్‌లో పట్టికలు ఉంటాయి, ఎడమవైపు పురుగు కుడివైపు అర్థం, వాటి జోలికి పోకు.

నీ కథలో నన్ను కదిలించింది ఒకటుంది, చెప్పాలి. ముసలాయన పోయాక ఆయన భార్య, నాలుక మీద పెట్టాల్సిన ఆ రాయిని ముందు తన బుగ్గకి ఆనించి వెచ్చబెట్టి అప్పుడు పెడుతుంది. అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి. ఆ పేరాలో నువ్వు ఏ అర్థమూ చెప్పలేదు, గమనించావా.

ఇలా రాయడం కొత్తగా కనిపెట్టిన విద్యేమీ కాదు. షిజింగ్ అని చైనా వాళ్ళ అతి పాత పాటల గ్రంథం ఉంది, మూడొందల పాటలు, క్రీస్తు పూర్వం నాటివి, చాలామటుకు రెండువేల ఆరొందల ఏళ్ళకి పైబడినవి. అందులో బిన్ ప్రాంతం పాట ఒకటి, రైతు ఏడాది మొత్తం చెబుతుంది. నా మాటల్లో చెబుతా విను. ఐదో నెలలో మిడత కాళ్ళాడిస్తుంది. ఆరో నెలలో ఇంకో రకం పురుగు రెక్కలు విదిలిస్తుంది. ఏడో నెలలో పొలంలో, ఎనిమిదో నెలలో చూరు కింద, తొమ్మిదో నెలలో గుమ్మంలో, పదో నెలలో కీచురాయి నా మంచం కిందకి వచ్చేస్తుంది. అంతే. పొలంలో ఉన్నదేంటో, చూరు కిందకి వచ్చిందేంటో పేరు చెప్పలేదు, మంచం కిందకి చేరాక చెప్పాడు కీచురాయి అని. చలి అనే మాట ఈ వరుసలో లేదు, భయం లేదు, ముసలితనం లేదు. కానీ ఆ పురుగు ఒక్కో నెలా ఒక్కో అడుగు లోపలికి వస్తుంటే వెనకాలే ఏం వస్తోందో మనకి తెలిసిపోతుంది. వెంటనే ఏమంటాడో చూడు, కన్నాలు పూడ్చండి, ఎలుకలకి పొగబెట్టండి, ఉత్తరం వైపు కిటికీ మూసెయ్యండి, తలుపులకి మట్టి మెత్తండి, ఏడాది మారిపోతోంది, పెళ్ళాం పిల్లలూ రండి, ఈ ఇంట్లోకి వచ్చెయ్యండి. నీ ఒంటరితనపు కీచురాయిని ఈ కీచురాయి పక్కన పెట్టి చూసుకో. నేను ఈ పాట మొదటిసారి ఇంగ్లీషులో చదివిన రోజు, అప్పటిదాకా రాసిన కథలన్నీ తీసి వాటిలో ఉన్న ప్రతి చలికాలాన్నీ మళ్ళీ రాసుకున్నా.

అన్నట్టు హాన్ కథలో కీచురాళ్ళ పందెం పెట్టావు. ఆ పందేలు రాతల్లో గట్టిగా కనిపించేది బాగా తర్వాత, తాంగ్, సోంగ్ రాజవంశాల కాలాల్లో, అంటే 7 నుంచి 13వ శతాబ్దం దాకా. తాంగ్ అంతఃపురంలో ఆడవాళ్ళు చిన్న బంగారు పంజరాల్లో కీచురాళ్ళని పెట్టి దిండు పక్కన ఉంచుకుని రాత్రంతా వినేవాళ్ళట, 13వ శతాబ్దంలో జియా సిదావ్ అనే మంత్రి అయితే వాటి పెంపకం మీద ఏకంగా పుస్తకమే రాసాడు, అవతల మంగోలులు రాజ్యాన్ని మింగేస్తున్నారు. అది వేరే కథ, రాయాలనిపిస్తే విడిగా రాయి, ఇందులోంచి మాత్రం తీసెయ్.

పట్టుపురుగు గురించి నాకు కాస్త ఎక్కువ పట్టింపు, ఎందుకో చెబుతా. పెళ్ళైన కొత్తల్లో హిందూపురం వైపు టీచరుగా చేసా. మేం అద్దెకున్న ఇంటి వెనక షెడ్డులో ఓనరుగారు పట్టుపురుగుల్ని పెంచేవాళ్ళు. పెద్ద పురుగులు రాత్రిపూట మల్బరీ ఆకు తింటుంటే రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడొచ్చేది, అది వింటూ నిద్రపోయేవాళ్ళం. ఉన్నట్టుండి ఒక రోజు ఆ చప్పుడు ఆగిపోయేది. వెళ్ళి చూస్తే ఒక్కటీ తినడం లేదు, తలలు పైకెత్తి కదలకుండా ఉన్నాయి. జ్వరానికి కూర్చున్నాయమ్మా అనేది ఓనరుగారి అత్తగారు, అంటే పాత చర్మం వదిలే టైమన్నమాట, అప్పుడు ఆకు వెయ్యకూడదు, గట్టిగా మాట్లాడకూడదు అనేది. ముదిరాక ఒళ్ళు పచ్చగా మారి వెలుగులో అవతలిది కనిపించేలా అయ్యేది, వాటిని ఏరి చంద్రికల మీద, అంటే గూళ్ళు కట్టుకునే వెదురు తట్టల మీద, వేసేవాళ్ళు. ఆ తర్వాత దారం తీసేచోటికి కూడా వెళ్ళా, వేడినీళ్ళ తొట్టెల ముందు ఆడవాళ్ళు, వేళ్ళు తెల్లగా నాని ముడుతలు పడి, గూళ్ళ కొసలు వెతుకుతూ, ఉడికిన పురుగుల వాసన చీరలకి పట్టేసేది.

ఆ చేతుల మీద కథ రాసా. ఒక వారపత్రికకి పంపా, పేరు చెప్పను, ఆ ఎడిటరు ఇప్పుడు లేరు కూడా. నీళ్ళ తొట్టెల దగ్గరి రెండు పేజీలు మొత్తం కొట్టేసి, పాఠకులు అన్నం తింటూ చదువుతారండీ, ఈ పురుగుల కంపు ఎందుకు అన్నారు, సరే అది కూడా భరించా. ఆఖర్లో నన్నడక్కుండా ఒక వాక్యం చేర్చారు: "ఆమె కూడా ఒక పట్టుపురుగే!" ఆశ్చర్యార్థకంతో సహా. నా పేరుతో అచ్చయింది. ఊళ్ళో ఆ తొట్టెల దగ్గర పనిచేసే అమ్మాయి ఒకామె చదివించుకుని విని, మమ్మల్ని పురుగులన్నారంట కదా మేడం అని అడిగింది. ఏం చెప్పాలి? ఇప్పటికీ ఆ సంచిక చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అప్పట్లో అదొక ఫ్యాషను, ప్రతి కథలో పంజరంలో చిలక, ప్రతి కవితలో కొవ్వొత్తి, ఈ కథలో ప్రతీక ఏంటి అని పోటీల జడ్జీలు అడిగేవాళ్ళు, లేకపోతే మార్కులు తగ్గేవి. ఇప్పుడు అదే మాట ఇంగ్లీషులో అంటున్నారు, మెటఫర్ స్ట్రాంగ్‌గా ఉండాలని. వాళ్ళ మాట విని నువ్వు పాడైపోతున్నావేమోనని నా భయం.

ఇప్పుడు షున్‌జీని చూడు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దపు పెద్ద తాత్వికుడు, మనిషి స్వభావం మీద, రాజనీతి మీద రాసినాయన. ఆయన పట్టుపురుగు మీద ఒక పొడుపుకథ లాంటి పద్యం రాసాడు. ఒంటి మీద బట్ట లేదు, మాటిమాటికీ దేవతలా రూపం మారుస్తుంది, దాని పనితనం లోకమంతా కప్పుతుంది, పని పూర్తవగానే ఒళ్ళు పోతుంది, ఇల్లు కూలుతుంది, పెద్దవాళ్ళని పారేసి తర్వాతి తరాన్ని దాచుకుంటారు అంటాడు. తర్వాత, ఒళ్ళు ఆడపిల్లలా నాజూగ్గా ఉండి తల గుర్రం తలలా ఉండేదేనా అది? వేసవిలో పుట్టి ఎండంటే పడనిది, తడి ఇష్టపడి వానంటే గిట్టనిది, మూడుసార్లు పడుకుని మూడుసార్లు లేచి పని ముగించేది? అని అడిగి, చివర్లో తప్ప పేరు చెప్పడు. ఆ మూడుసార్లు పడుకోవడం ఏంటి? ఓనరుగారి అత్తగారు చెప్పిన జ్వరమే! తడి కావాలి కానీ వాన పనికిరాదన్న సంగతి షెడ్డులో తిరిగినవాళ్ళని అడగాల్సిందే, పుస్తకాల్లో కూర్చుని ఊహిస్తే రాదు. అంత పెద్ద తాత్వికుడు ఎవరో ఒక ఇల్లాలి పక్కన నిలబడి చూసి ఉంటాడు, లేకపోతే ఇలా రాయలేడు. ఆ గుర్రం తల సంగతి కూడా చూడు. 4వ శతాబ్దంలో గాన్ బావ్ అనే ఆయన వింత కథలు పోగుచేసాడు, అందులో ఒక అమ్మాయి దూరాన ఉన్న తండ్రిని తీసుకొస్తే నిన్నే పెళ్ళి చేసుకుంటానని గుర్రంతో అంటుంది, అది నిజంగా తీసుకొస్తుంది, తండ్రి విషయం తెలిసి గుర్రాన్ని చంపి తోలు ఎండేస్తాడు, ఆ తోలు లేచి అమ్మాయిని చుట్టుకుని ఎగిరిపోతుంది, కొన్నాళ్ళకి ఒక చెట్టు మీద ఇద్దరూ కలిసి పట్టుపురుగై కనిపిస్తారు. ఎంత భయంకరమైన కథ! పురుగు తల ఎత్తి కదలకుండా కూర్చున్నప్పుడు చూడు, నీకూ గుర్రమే గుర్తొస్తుంది.

నువ్వు రాసిన మహారాణి లెయ్‌జూ, టీ కప్పులో గూడు పడటం, అది పట్టు ఎలా పుట్టిందో చెప్పే, బాగా ప్రచారంలో ఉన్న పురాణగాథ, ఉంచుకో. కానీ షాన్‌షీ రాష్ట్రం షియిన్ అనే పల్లెలో 1926లో లీ జీ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడికి తవ్వకంలో దొరికిన పట్టుగూడు గురించి కూడా తెలుసుకో. సగమే దొరికింది, పదునైన దాంతో కోసినట్టుంది. ఎవరు కోసారు, లోపలి పురుగుని తిందామనా, దారం చూద్దామనా? నాకైతే మహారాణి టీ కప్పు కంటే ఆ సగం గూడే ఎక్కువ కథ చెబుతోంది.

నీ కథానాయికని సీతాకోకచిలుకలా ఉందన్నావు. ఆ షిజింగ్‌లోనే వెయ్ రాజ్యానికి కోడలుగా వచ్చిన రాకుమారి అందాన్ని వర్ణించారు, నుదురు సికాడా తలలా వెడల్పుగా, కనుబొమ్మలు చిమ్మట మీసాల్లా, మెడ చెట్టు మాను తొలిచే తెల్లటి పురుగులా ఉందన్నారు. తెల్లటి పురుగు! మన ఎడిటర్లు ఎవరైనా ఒప్పుకుంటారా? కానీ కట్టె చీల్చినప్పుడు ఆ పురుగుని చూసినవాళ్ళకి తెలుసు, అంత తెలుపు, ఆ మెత్తదనం, ఆ సన్నటి మడతలు. పాడినవాళ్ళు కట్టెలు కొట్టుకున్నవాళ్ళు, వాళ్ళకి అసహ్యం లేదు.

నీ కథలో అసలు వాడుకోవాల్సింది ఒకటి వదిలేసావు, ఇది బాగా విను. ఆ శిల్పికి పిల్లల్లేరు, శిష్యుడిని పెంచుకున్నాడు కదా. ఆ పెంపకానికి చైనాలో ఒక పురుగు ఉంది. షిజింగ్‌లో పాట, ఆకుపచ్చ గొంగళిపురుగు పిల్లల్ని కందిరీగ మోసుకుపోయింది, నీ పిల్లలకి నేర్పు, వాళ్ళూ మంచిని అందుకునేలా అని. సన్న నడుము కందిరీగల్లో ఆడవి ఉండవని, అందుకే గొంగళిపురుగుల్ని ఎత్తుకొచ్చి గూట్లో పెట్టి పెంచుకుంటాయని నమ్మేవాళ్ళు. హాన్ కాలపు యాంగ్ షియోంగ్ ఇంకా ముందుకెళ్ళి, ఆ కందిరీగ గూటి దగ్గర "నాలా అవు, నాలా అవు" అని జపిస్తుందని, కొన్నాళ్ళకి పురుగు అలాగే అవుతుందని, కన్ఫ్యూషియస్ శిష్యులు గురువులా మారింది కూడా అలాగేనని రాసాడు. ఇది చదవగానే నీకు ఏం గుర్తు రావాలి? మన భ్రమరకీటక న్యాయం! భ్రమరం ఝంకారం వింటూ, దాన్నే తలుచుకుంటూ పురుగు భ్రమరమైపోతుందని మన వేదాంతులు గురుశిష్యుల గురించి చెప్పే మాటే, చిన్నప్పుడు మా తాతగారు నాకు చెప్పారు, మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అక్కడా ఇక్కడా మనుషులు అదే గూడు చూసారు, లోపలికి వెళ్ళింది గొంగళిపురుగు, బయటికొచ్చింది కందిరీగ.

తర్వాత ఒకాయన వచ్చాడు, తావ్ హోంగ్‌జింగ్ (456-536), దావో మతపు సన్యాసి, వైద్యుడు, మూలికల గ్రంథానికి వ్యాఖ్యానం రాసినాయన. ఆయన గూడు లోపల ఏముందో పట్టించుకున్నాడు. కందిరీగ ధాన్యపు గింజంత గుడ్లు పెడుతుంది, గడ్డి మీది పచ్చ సాలీళ్ళని పది పన్నెండు పట్టుకొచ్చి గూడు నింపి మూతి మూసేస్తుంది, పిల్ల పెద్దదయ్యాక అవే దాని తిండి అని రాసాడు. రెల్లు గొట్టాల్లో ఉండే ఇంకో రకం ఆకుపచ్చ పురుగుల్ని తెస్తుందన్నాడు. జపం చేసి బిడ్డగా మార్చుకోవడం అనేది తప్పని స్పష్టంగా చెప్పాడు. వెయ్యేళ్ళ పైబడిన పవిత్ర గ్రంథాన్ని పట్టుకుని ఇది తప్పు అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు. నాకు చైనా సాహిత్యంలో అందరికంటే ఆయన మీదే గౌరవం ఎక్కువ. ఇంకా చిత్రం, ఆయన చెప్పాక కూడా పెంచుకున్న బిడ్డని ఆ గొంగళిపురుగు పేరుతో పిలవడం మానలేదు.

నీ శిల్పి హాన్ కాలం వాడు, వాడికి తెలిసింది జపం కథే. వాడు కందిరీగ గూడు చూసి మురిసిపోవాలి, కుర్రాడికి ఉలి పట్టించి "నాలా అవు" అనుకోవాలి. ఈ కాలపు పాఠకుడికి గూట్లో ఏం జరుగుతోందో తెలుసు. నీ శిష్యుడు చివర్లో వర్క్‌షాపు అమ్ముకుని పోతాడు కదా, ఆ అమ్మకం ముందు పేజీలో చూరు కింద మట్టి గూడు ఒకటి పెట్టు చాలు, అక్కడ ఒక్క ముక్క వివరణ రాసినా నేను ఊరుకోను.

వాంగ్ చోంగ్ అని పైన చెప్పానే, ఆయన కూడా ఇదే జాతి. అప్పట్లో పంటకి పురుగు పడితే అధికారుల దోపిడీ వల్లే అనేవాళ్ళు, పైగా నల్ల ఒళ్ళు ఎర్ర తల ఉంటే సైన్యాధికారులు, ఎర్ర ఒళ్ళు నల్ల తల ఉంటే రాతకోతల అధికారులు అని లెక్క. ఆయన దాని మీద ఒక అధ్యాయం రాసి ఉతికేసాడు, పురుగులు వెచ్చదనం, తేమ వల్ల పుడతాయి, ఒళ్ళంతా వేరే రంగున్న పురుగు వస్తే ఏ అధికారిని పట్టుకుంటారు అన్నాడు. దీనికి ఎదురుగా ఇంకోటి ఉంది, అదీ నాకు ఇష్టమే. 628లో మిడతల దండు వచ్చినప్పుడు తాంగ్ చక్రవర్తి తాయ్‌జోంగ్ తోటలోకి వెళ్ళి గుప్పెడు మిడతలు పట్టుకుని, జనం బతికేది ధాన్యం మీద, దాన్ని మీరు తింటున్నారు, తప్పు నాదైతే నా గుండె తినండి అని, పక్కవాళ్ళు జబ్బు చేస్తుందని ఆపుతున్నా నోట్లో వేసుకున్నాడు. దేవుడి శిక్షా కాదా అన్నది పక్కన పెట్టు, రాజు నోట్లో కాళ్ళాడించే మిడత, ఆ సీన్ మర్చిపోగలవా.

సికాడా మంచు నీళ్ళు తాగుతుందన్నది మాత్రం నిజం కాదు కదా, మరి కవులంతా అబద్ధం రాసినట్టేనా అని నువ్వు అడుగుతావు, తెలివైనదానివి. అది చెట్టు రసం తాగుతుంది, వాళ్ళకి తెలియలేదు. కానీ గొప్ప కవి ఎక్కడ గొప్పవాడయ్యాడో చూడు. లువో బిన్‌వాంగ్ 678లో జైల్లో పడ్డాడు, ఉన్నతోద్యోగి, నేరారోపణ మీద లోపలేసారు. జైలు గోడకి పడమరగా న్యాయస్థానం, అక్కడ పాత చెట్లు, వాటి మీద సికాడాలు. పద్యంలో శుభ్రత, నిజాయితీ అన్నీ ఉన్నాయి, నా మనసుని ఎవరు వెల్లడిస్తారు అని ఏడుపూ ఉంది, కానీ దాన్ని బతికించింది మధ్యలో ఒక మాట, మంచు తడి బరువెక్కింది ముందుకి ఎగరడం కష్టం, గాలి ఎక్కువైంది గొంతు మునిగిపోవడం తేలిక. రెక్క తడిస్తే ఏమవుతుందో, గాలిలో కూత ఎలా పోతుందో విని రాసింది అది. జైల్లో ఇంకేం పనుంది, విన్నాడు.

కథ మొదట్లో, పాత చైనా తాత్వికుడు చువాంగ్‌జీ తను సీతాకోకచిలుకైనట్టు కన్న కలని ఎపిగ్రాఫ్‌గా, అంటే పైన కొటేషన్‌గా పెట్టావు. తీసెయ్. ఆ కల ప్రపంచంలో అందరూ వాడి వాడి అరిగిపోయింది. ఆయన పుస్తకంలోనే ఇంకో చోట ఆయన ఒక తోటలో వింత పక్షిని కొట్టబోతాడు, చూస్తే నీడలో ఒళ్ళు మరిచి కూర్చున్న సికాడా, దాన్ని పట్టబోతున్న గొల్లభామ, దాని మీద కన్నేసిన ఆ పక్షి, మూడింటికీ తమ వెనకేముందో తెలీదు. అయ్యో అనుకుని విల్లు పడేసి తిరిగేసరికి తోటమాలి ఈయన్నే దొంగనుకుని తిడుతూ వెంటపడతాడు. ఆ తర్వాత చాలా రోజులు మనసు బాగోక ఇంట్లోంచి బయటికి రాలేదట. పాఠం చెప్పబోయినవాడు వరుసలో నాలుగోవాడైపోయాడు, అదీ రాయడమంటే!

అందులోనే గూని ముసలివాడు ఉన్నాడు, బంక పూసిన కర్రతో సికాడాల్ని నేల మీంచి ఏరుకున్నంత తేలిగ్గా పట్టేస్తుంటాడు. కన్ఫ్యూషియస్ ఆగి ఏంటయ్యా నీ విద్య అంటే, ఐదారు నెలలు కర్ర కొస మీద ఉండలు పడకుండా నిలబెట్టడం సాధన చేసా, ముందు రెండు, తర్వాత మూడు, ఆఖరికి ఐదు అంటాడు. భూమ్యాకాశాలు ఎంత పెద్దవైనా, వస్తువులు ఎన్ని ఉన్నా, నాకు తెలిసేది సికాడా రెక్కలొక్కటే అంటాడు. నీకు ఏ రైటింగ్ వర్క్‌షాపూ అక్కర్లేదు, ఫీజులు కట్టకు.

నీ ప్రశ్నలకి వద్దాం. ఏ పత్రికకి పంపాలి అన్నావు, ముందు కథ తిరగరాయి. వర్తమానంలో రాయాలా భూతకాలంలోనా అంటే నీ చెవికి ఏది నప్పితే అది. చైనా వెళ్ళకుండా చైనా కథ రాయొచ్చా అన్నావు, హాన్ కాలానికి టికెట్ ఎవరికీ దొరకదు, రాయొచ్చు, కానీ ఏ నెలలో ఏ పురుగు ఉంటుందో తెలుసుకుని రాయి. మిగతావి తర్వాత ఎప్పుడైనా మాట్లాడుకుందాం.

చేయాల్సింది ఇది. నాలుగో పేజీలో ఋతువు మార్చు, లేదా సికాడాని ఉంచి ముసలాయన్ని భయపెట్టు. పందెం తీసెయ్. "ప్రతీక" అన్న మాట కథలో పదకొండు చోట్ల ఉంది, అన్నీ కొట్టెయ్, కొట్టేసాక ఖాళీ అనిపించిన చోట పురుగు ఏం చేస్తోందో రాయి. కందిరీగ గూడు పెట్టు. ఆవిడ బుగ్గకి రాయి ఆనించే పేరా మాత్రం ఒక్క అక్షరం ముట్టుకోకు, ఏ ఎడిటరు అడిగినా మార్చడానికి ఒప్పుకోకు. సంక్రాంతి లోపు పంపితే ఆ సెలవుల్లో చదువుతా. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపు, అక్షరాలు పెద్దవి చేసుకుంటే గానీ నాకు కనిపించదు. మీ అమ్మగారిని అడిగానని చెప్పు.